కాన్పులో మలద్వార కండరం చిరిగితే...

కాన్పు తర్వాత గ్యాస్ ఆపుకోలేకపోవడం, దొడ్డికి అనిపించగానే పరుగెత్తవలసి రావడం, బట్టలకు మరక అంటడం. ఈ బాధలను మన స్త్రీలు చాలామంది భర్తకు కూడా చెప్పరు. ఆరాధనకు వచ్చినా తలుపు పక్కనే కూర్చుంటారు. బస్సు ప్రయాణం మానుకుంటారు. "పిల్లల్ని కన్న ఒళ్ళు, ఇంతేనమ్మా" అని పెద్దవాళ్ళు సర్దిచెబుతారు. ఇంతే అనుకోనక్కరలేదు. చాలాసార్లు ఇది కాన్పులో కండరానికి అయిన గాయం. దాన్ని కుట్టవచ్చు.

మలద్వారం చుట్టూ ఉంగరాల్లా రెండు కండరాలుంటాయి. లోపలిది మన ప్రమేయం లేకుండానే బిగిసి ఉంటుంది. బయటిది మనం కావాలని బిగించేది. బిడ్డ తల బయటికి వచ్చేటప్పుడు యోని కింది భాగం కొద్దిగా చిరగడం మామూలే. చిరుగు ఈ కండరాలకు చేరితే మూడవ డిగ్రీ అంటారు. మలాశయం లోపలి పొర కూడా తెగితే నాలుగవ డిగ్రీ. తొలి కాన్పులో, బిడ్డ 4 కిలోలు దాటినప్పుడు, ఫోర్సెప్స్ వేసినప్పుడు ఈ ప్రమాదం ఎక్కువ. తల కనబడగానే "ఇక ముక్కవద్దు, చిన్నగా ఊపిరి తీయండి" అని మేము గట్టిగా చెప్పేది ఇందుకే. కోపగించుకోకండి.

మాయ పడిన తర్వాత మలద్వారంలో వేలు పెట్టి పరీక్ష చేస్తారు. సిగ్గుపడి వద్దనకండి. పైకి చిన్నదిగా కనబడే చిరుగు లోపల కండరం దాకా వెళ్ళి ఉండవచ్చు.

తెగిన కండరం కొసలు, తెగిన లంగా బొందు లోపలికి జారిపోయినట్టు, వెనక్కి ముడుచుకుపోతాయి. అందుకే సాధారణంగా థియేటరుకు తీసుకువెళ్ళి, నడుముకు మత్తు సూది ఇచ్చి, మంచి వెలుతురులో కుడతారు. మత్తుకు కండరం వదులైతే కొసలు పట్టుకుని కలపడం వీలవుతుంది. మొదట మలాశయం పొర, తర్వాత లోపలి కండరం, బయటి కండరం, చివరకు యోని, చర్మం కుడతారు. దారం తనంతట తానే కరిగిపోతుంది. ఇన్ఫెక్షన్ రాకుండా యాంటిబయాటిక్ ఇస్తారు.

ఇక ఇంటి దగ్గర సంగతి. ఇక్కడ అత్తగార్లతో, అమ్మలతో మాకు రోజూ వాదనే! బాలింతకు నీళ్ళు తగ్గించి, కూరలు మాన్పించి, కారప్పొడి అన్నం పెడితే మలం గట్టిపడుతుంది. ముక్కితే కొత్త కుట్లు విడిపోవచ్చు. దాహానికి సరిపడా నీళ్ళు, ఆకుకూరలు, పప్పు, పండ్లు పెట్టండి. పాలిచ్చే తల్లికి అవి అవసరం కూడా. విరేచనం మెత్తగా అయ్యే మందు సిగ్గుతోనో భయంతోనో మానవద్దు. దొడ్డికి వెళ్ళినప్పుడల్లా నీళ్ళతో కడిగి, మెత్తని గుడ్డతో అద్దండి. నొప్పి తగ్గాక, గ్యాస్ ఆపుకునేటట్టు కండరం బిగించి వదిలే వ్యాయామం రోజుకు మూడుసార్లు చేయండి. ఎలా చేయాలో వార్డులో చూపిస్తాము.

జ్వరం, చెడు వాసన, కుట్లు విడిపోవడం, యోనిలో నుంచి మలం రావడం ఉంటే ఆ రోజే రండి. అవేమీ లేకపోయినా 6 నుండి 12 వారాల మధ్య ఒకసారి చూపించుకోవాలి. వెంటనే సరిగా కుట్టినవారిలో నూటికి 60 నుండి 80 మందికి ఏడాది నాటికి ఏ ఇబ్బందీ ఉండదు. మిగిలినవారిలో ఎక్కువమందికి ఉండేది గ్యాస్ ఆగకపోవడం, లేదా తొందరగా వెళ్ళవలసి రావడం.

కాన్పై ఏళ్ళు గడిచినవారు కూడా రావచ్చు. మలద్వారం లోపలి స్కానింగ్‌లో కండరం ఎక్కడ తెగిందో కనబడుతుంది. కొందరికి మందులు, వ్యాయామంతోనే సరిపోతుంది. కొందరికి ఆపరేషన్ చేస్తారు. డాక్టరుగారికి చెప్పడానికి మొహమాటమైతే ముందు మా నర్సమ్మల్లో ఎవరికైనా చెప్పండి.

మళ్ళీ నెల తప్పితే మొదటి కాన్పు కాగితాలు తప్పక తీసుకురండి. ఇబ్బంది ఇంకా ఉంటే సిజేరియన్ మంచిదా, మామూలు కాన్పు చేయవచ్చా అన్నది డాక్టరుగారు మీతో ముందుగానే మాట్లాడతారు.