పిల్లలతో తొలిసారి క్రాస్ కంట్రీ స్కీయింగ్‌కు ఎక్కడికి వెళ్లాలి?

వాషింగ్టన్ రాష్ట్రంలోని మెట్‌హౌ లోయ కొత్తవారికి బాగా అనువైనది. విన్‌త్రాప్, మజామా ఊళ్ల చుట్టూ యంత్రాలతో చదును చేసిన మంచుదారులు సుమారు 200 కిలోమీటర్లున్నాయి. లోయ అడుగున సాగే వాటిలో ఎత్తుపల్లాలు తక్కువ. సియాటిల్ తెలుగు కుటుంబాలు ఒకటి గమనించాలి: దగ్గరిదైన నార్త్ కాస్కేడ్స్ హైవేను మంచుచరియల ప్రమాదం వల్ల చలికాలమంతా మూసేస్తారు. స్టీవెన్స్ పాస్ మీదుగా చుట్టు తిరిగి వెళ్లాలి.

క్రాస్ కంట్రీ స్కీకి బూటు ముందుభాగమే బిగుస్తుంది, మడమ లేస్తుంది. కాళ్లూ చేతులూ కలిసి పనిచేస్తాయి గనుక చెమట పడుతుంది. తడిసిన నూలుబట్ట ఒంటిని చల్లబరుస్తుంది, అది ప్రమాదం. లోపల ఉన్ని లేదా పాలియెస్టర్ వేయాలి. మందపాటి కోటు ఆగినప్పుడే. చిన్నపిల్లలకు మొదటిరోజు గంట చాలు, చేతికర్రలు అక్కర్లేదు. ఎదిగే పాదాలకు బూట్లు కొనడంకంటే అద్దెకు తీసుకోవడమే మేలు.