పోస్టు: ఒక రూపం – మూడు జన్మలు

పాఠ్యభాగ ఉద్దేశం

ఒక పదానికి గల పలు అర్థాలను నానార్థాలనీ, పదం పుట్టుకను తెలిపే అర్థాన్ని వ్యుత్పత్త్యర్థమనీ విద్యార్థులు కింది తరగతులలోనే నేర్చుకొన్నారు. ఆ రెండింటికీ గల సంబంధాన్ని, తెలుగువారి నాలుకపై నిత్యం నలిగే ఒక చిన్న ఆంగ్లపదం ఆధారంగా వివరించడమే ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

"లాంప్ పోస్టు కింద చదువుకొని పోస్టు గ్రాడ్యుయేషను పూర్తిచేసిన యువకుడు పోస్టులో దరఖాస్తు పంపి మంచి పోస్టు సంపాదించాడు." ఈ వాక్యంలో 'పోస్టు' అనే మాట నాలుగుసార్లు వచ్చింది. మొదటి చోట స్తంభం, రెండవ చోట తరువాత, మూడవ చోట ఉత్తరాల బట్వాడా, నాల్గవ చోట ఉద్యోగం అని దాని అర్థం. వినే తెలుగువాడు ఎక్కడా తడబడడు. అయితే ఇన్ని అర్థాలు ఒకే పదానికి కలిగాయా? లేక వేరువేరు పదాలు కాలక్రమంలో ఒకే రూపాన్ని ధరించాయా? ఇది ఆలోచించదగిన ప్రశ్న.

ఈ ప్రశ్న మన సాహిత్యానికి కొత్తది కాదు. 'అర్థము' అనే సంస్కృతపదానికి శబ్దం తెలిపే భావం, ధనం, ప్రయోజనం అనే అర్థాలున్నాయి. ఇవన్నీ ఒకే పదం సంతరించుకొన్న అర్థాలు. 'వారి' అనే మాట సంగతి వేరు. 'వారి ఇల్లు' అన్నప్పుడు అది అచ్చమైన తెలుగు సర్వనామం. 'వారిధి' అన్నప్పుడు అందులోనిది నీటిని తెలిపే సంస్కృతపదం. ఆ రెండింటికీ చుట్టరికమే లేదు; రూపం మాత్రమే కలిసింది. అమరసింహుడు తన నిఘంటువులో నానార్థవర్గాన్ని ప్రత్యేకంగా కూర్చాడు. పింగళి సూరన శబ్దాలకు గల ఇటువంటి శక్తిని ఆధారం చేసికొని రామాయణ భారత కథలను ఒకే కావ్యంలో నడిపి 'రాఘవపాండవీయం' రచించాడు. ఆ దృష్టితోనే 'పోస్టు'ను పరిశీలిద్దాం.

మొదటి జన్మ స్తంభం. లాటిన్ భాషలో 'పోస్టిస్' అంటే ద్వారబంధంలోని నిలువుకొయ్య. ఈ మాట చాలా పూర్వమే, ప్రాచీనాంగ్ల దశలోనే, ఆంగ్లంలోనికి ప్రవేశించింది. లాంప్ పోస్టు, గోల్ పోస్టు అనే మాటలు ఈ వంశానివి.

రెండవ జన్మ స్థానం. లాటిన్‌లో 'పోనెరె' అంటే ఉంచడం. 'పొసిటా' అంటే ఉంచబడినది. అది ఇటాలియన్ భాషలో 'పోస్టా' అయింది. పూర్వం రాజాజ్ఞలను దూరప్రాంతాలకు చేరవేయడానికి బాటల వెంట మజిలీలు ఏర్పరచి, గుర్రాలను, రౌతులను సిద్ధంగా ఉంచేవారు. రోమన్ చక్రవర్తి ఆగస్టస్ ఇటువంటి వ్యవస్థను నెలకొల్పాడు. మన దేశంలో గుర్రాలతోను, కాలినడక వార్తాహరులతోను సాగిన ఇటువంటి ఏర్పాటును 14వ శతాబ్దిలో ఇబ్న్ బతూతా వర్ణించాడు. ఐరోపాలో మజిలీకి వచ్చిన పేరు క్రమంగా అక్కడ నిలిచిన రౌతుకు, రౌతు మోసే ఉత్తరాలకు, చివరకు ఆ వ్యవస్థకంతటికీ సంక్రమించింది. 'ఊరంతా ఉలిక్కిపడింది' అంటే ఉలిక్కిపడినది ఊరు కాదు, ఊరిలోని జనం. స్థలాన్ని తెలిపే మాట అక్కడి వారిని తెలపడాన్ని మన ఆలంకారికులు లక్షణ అన్నారు. 'పోస్టు' ప్రయాణం ఆ లక్షణకు చక్కని ఉదాహరణ.

రాజుల కోసం పుట్టిన ఈ ఏర్పాటు సామాన్యునికి చేరువ కావడానికి శతాబ్దాలు పట్టింది. బ్రిటన్‌లో 1840లో ఒక పెన్నీకే ఉత్తరం చేరే పద్ధతి వచ్చింది. మన దేశంలో 1854 అక్టోబరు 1 నుండి, దూరంతో నిమిత్తం లేకుండా, పావు తులం బరువుగల ఉత్తరానికి అర్ధణా రుసుము అమలైంది.

ఉద్యోగం అనే అర్థం కూడా 'పోనెరె' సంతానమే. సైనికుణ్ణి కాపలాకు ఉంచిన చోటు ఇటాలియన్‌లో 'పోస్టో'. అది తొలుత కావలిస్థానమై, పిదప ఎవరినైనా నియమించిన పదవి అయింది. ఉత్తరం, ఉద్యోగం తోబుట్టువులన్న మాట. తెలుగు ఇండ్లలో చిరకాలం నియామకపత్రం తపాలాలోనే వచ్చేది. 'పోస్టు వచ్చింది' అన్న ఒక్క కేకలో రెండు అర్థాలూ ఒదిగిపోయేవి. ఇక చెక్‌పోస్టు వద్ద రహదారికి అడ్డంగా ఉండే కొయ్యను చూసి, ఆ పేరు స్తంభం నుండి వచ్చిందని భ్రమపడరాదు. అది కూడా కావలిస్థానమే. పొలంలో వేసే కంపోస్టు ఎరువు సైతం ఈ కుటుంబానిదే. ఒకచోట కలిపి ఉంచినదని దాని భావం.

మూడవ జన్మ తరువాత అనే అర్థం. లాటిన్‌లో 'పోస్ట్' ఒక అవ్యయం. పోస్టుమార్టం అంటే మరణానంతరం. గడియారంలోని పి.ఎం. మధ్యాహ్నానంతరం అనే మాటకు సంక్షేపం. ఉత్తరం చివర రాసే పి.ఎస్. 'రాసిన తరువాత రాసినది'; దానినే తెలుగువారు తాజాకలం అంటారు. లాటిన్, సంస్కృతాలు ఒకే భాషాకుటుంబానికి చెందినవి. ఈ 'పోస్ట్'కు మన 'పశ్చాత్' శబ్దం సజాతీయమని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. పని జరిగిపోయిన తరువాత కలిగే తాపం పశ్చాత్తాపం. తూర్పుముఖంగా నిలిచినవానికి వెనుక ఉండే దిక్కు పశ్చిమం.

రూపాన్ని మాత్రమే చూసి పుట్టుకను ఊహిస్తే పొరపాటు జరుగుతుంది. లాటిన్‌లో 'పోస్తుముస్' అంటే చిట్టచివరిది. తండ్రి మరణించిన తరువాత పుట్టిన బిడ్డకు ఆ పేరు వాడేవారు. తరువాతి కాలంవారు అందులో మట్టిని తెలిపే 'హుముస్' ఉన్నదని ఊహించి, నడుమ ఒక హకారాన్ని చొప్పించారు. మరణానంతరం అని అర్థమిచ్చే ఆంగ్లపదంలో పలకని ఆ అక్షరం నేటికీ నిలిచి ఉంది. ఇటువంటి ఊహను లోకనిరుక్తి అంటారు.

ఇప్పుడు నేటి యువత ఎక్కువగా వాడే అర్థానికి వద్దాం. సామాజిక మాధ్యమాలలో 'పోస్టు చేశాను' అంటారు. ఇది ఉత్తరం నుండి వచ్చిందని పలువురు భావిస్తారు. తెలుగులో అంతర్జాల రచనకు 'టపా' అని పేరు పెట్టినవారు కూడా ఉత్తరాల అర్థాన్నే గ్రహించారు. నిజానికిది స్తంభం సంతానం. బహిరంగ ప్రకటనలను నలుగురూ తిరిగే చోట స్తంభానికి అంటించేవారు. ఆ పనికి 17వ శతాబ్ది ఆంగ్లంలో 'పోస్టు చేయడం' అనే వాడుక ఉంది. గోడపై అంటించే పోస్టరు అందులో నుండి పుట్టింది. ప్రకటన ఫలకాల మీదుగా ఆ క్రియ కంప్యూటరు తెరపైకి చేరింది.

ఈ భేదం నిఘంటువుకే పరిమితమైనది కాదు. ఉత్తరాన్ని ఒకరు ఒకరికే రాస్తారు, కవరు అంటిస్తారు, చిరునామాదారుడే విప్పుతాడు. స్తంభానికి అంటించిన కాగితాన్ని మిత్రుడూ చదువుతాడు, శత్రువూ చదువుతాడు, ముక్కూమొగం తెలియని బాటసారీ చదువుతాడు. దానిని చించివేసినా, చదివినవారి మనస్సు నుండి తొలగించలేము. కోపంలో నాలుగు మాటలు రాసి తెరపై ఉంచేవాడు తాను ఉత్తరం రాస్తున్నాననుకొంటే, చేతికి మిగిలేది పశ్చాత్తాపమే. తాను నడివీధి స్తంభం వద్ద నిలిచి ఉన్నానని గ్రహించినవాడు మాటను తూచి రాస్తాడు.

ఈ వంశాలలో రెండు కలిసిన మాట విద్యార్థులకు బాగా పరిచితం. అది పరీక్షలను 'పోస్ట్‌పోన్' చేయడం. ఇందులో 'పోస్ట్' అంటే తరువాత. 'పోన్' అంటే ఉంచడం. ఉత్తరానికీ ఉద్యోగానికీ మాతృక అయిన 'పోనెరె' ఈ మాటలో రెండవ భాగమై నిలిచింది. ఒకే రూపం ఒకే పుట్టుకకు సాక్ష్యం కాదు; వేరు రూపం వేరు పుట్టుకకు సాక్ష్యం కాదు. పదాన్ని ఎరగడమంటే దాని అర్థంతో పాటు అది నడచి వచ్చిన దారిని కూడా ఎరగడం.

కఠిన పదాలకు అర్థాలు

బట్వాడా = అందజేత
మజిలీ = ప్రయాణంలో ఆగే చోటు
సంక్షేపం = కుదించిన రూపం
సజాతీయం = ఒకే మూలం నుండి పుట్టినది
మాతృక = మూలరూపం

అభ్యాసం

1. 'పోస్టు' అనే పదానికి గల మూడు జన్మలను సోదాహరణంగా వివరించండి.
2. మజిలీకి గల పేరు ఉత్తరాలకు సంక్రమించిన తీరును లక్షణతో సమన్వయించండి.
3. లోకనిరుక్తి అంటే ఏమిటి? పాఠంలోని ఉదాహరణ తెలపండి.
4. సామాజిక మాధ్యమాలలోని 'పోస్టు'ను ఉత్తరంగా భావిస్తే కలిగే ప్రమాదాన్ని మీ మాటలలో రాయండి.