సాకల్యార్థక పదములు – అర్థవివేచనము

అశేష, సకల, పూర్ణ, అఖండాది శబ్దములను అమరకోశము తృతీయకాండము ఒక్కచోటనే పర్యాయములుగాఁ జెప్పినది. వ్యుత్పత్తిని విచారించినచో వీని మార్గములు వేఱు. శేషము లేనిది అశేషము, కళలతోఁ గూడినది సకలము, నింపఁబడినది పూర్ణము, ఖండింపఁబడనిది అఖండము. ఆంగ్లమునందును ఇట్టి భేదము కలదు. ‘కంప్లీట్’ నింపుట యను అర్థముగల లాటిన్ క్రియనుండి పుట్టినది, పూర్ణశబ్దమునకు సహోదరి. ‘ఎంటైర్’ అనఁగా తాఁకఁబడనిది. ‘హోల్’ అనఁగా ప్రాచీనాంగ్లమున క్షతము లేనిది.

వ్యుత్పత్తికంటె ముఖ్యమైన భేదము మఱియొకటి కలదు. పాణిని 5-4-52వ సూత్రమున కార్త్స్న్యార్థమందును, 5-4-53వ సూత్రమున అభివిధి యందును సాతి ప్రత్యయమును విధించెను. ప్రత్యయ మొక్కటియే, అర్థములు రెండు. ఒకే వ్యక్తి సర్వావయవములతో మాఱుట కార్త్స్న్యము. ఇనుపశస్త్రము నిలువెల్ల అగ్నిమయ మగుట యిట్టిది. అనేకవ్యక్తులు, ఒక్కొక్కటి కొంతమాత్రమే యైనను, అన్నియు మాఱుట అభివిధి. వర్షర్తువున ఉప్పంతయు నీరుపట్టుట యిట్టిది. భట్టోజి దీక్షితులు సిద్ధాంతకౌముదిలో ఈ వివేకమును స్పష్టపఱచిరి.

తెలుఁగున ‘ఇల్లంతయు’, ‘ఇండ్లన్నియు’ అను ప్రయోగములు ఈ రెండింటికి సమీపములు. ఆపాదమస్తకము ఒకే శరీరమును వ్యాపించును. ఆబాలగోపాలము జనులందఱను కలుపుకొనును. ఆంగ్లమున ‘ఫ్రమ్ టాప్ టు టో’ మొదటి తెగకును, ‘టు ఎ మ్యాన్’ రెండవ తెగకును చెందును. సైన్యము ‘టు ఎ మ్యాన్’ నశించె నన్నచోట ‘ఒక్కఁడును మిగులక’ యనవలెను. ‘పూర్తిగా’ యన్నచో లెక్క పోయి తీవ్రత మాత్రమే మిగులును.

ఈ విచారము అనువాదమునకే పరిమితము కాదు. తాళపత్రగ్రంథసూచికలలో ‘సమగ్రము’ అను మాట తఱచు గ్రంథము ఆద్యంతములు కలిగియుండుటనే తెలుపును. ప్రతిపత్రము అక్షతమని తెలుపదు. ఒక పత్రము సర్వము నశించిన ప్రతి వేఱు. పత్రములన్నియు అంచులందు పురుగు తిన్న ప్రతి వేఱు. మొదటి దానిలో లోపము ఒక్కచోటనే యుండును. ఇతరప్రతి లభించినచో పూరింపవచ్చును. రెండవ దానిలో ప్రతిపఙ్క్తియు సందేహాస్పదమే. సూచికలోని ఒక్కమాటను నమ్మి అట్టి ప్రతిని మూలముగాఁ గైకొన్న పరిష్కర్త, తన ఊహలనే పాఠములుగా ముద్రించు ప్రమాదము కలదు. కావున సూచికాకర్తలు గ్రంథసాకల్యమును, పత్రసాకల్యమును వేర్వేఱుగా నిర్దేశించుట యుక్తము.