ఒకే గుర్తు, వేర్వేరు ప్రశ్నలు

రెండు పేర్లు ఒకటేనా అని కంప్యూటరును ప్రశ్నించుటకు సీ భాషలో జంట సమాన చిహ్నమును వాడినచో, అది అక్షరములను చూడదు. ఆ పేర్లు మెమరీలో నున్న చిరునామాలను మాత్రమే పోల్చును. 1987లో వెలువడిన పెర్ల్ భాష మరింత చిత్రమైనది. అందు ఆ చిహ్నము సంఖ్యలకే చెందును. ‘రహీము’, ‘రాముడు’ రెండును సున్నలుగా మారి సమానమగును! ఉపకారవేతనముల పట్టికలో ఇట్లు జరిగిన, ఒకరి సొమ్ము మరొకరికి పోవును. పేర్లకు ‘ఈక్యూ’ అను ఆపరేటరునే వాడవలెను.

‘రహీము’, ‘రహీమ్’ అని వ్రాత మారుచోట సమానత చాలదు, నమూనా కావలెను. పెర్ల్‌లో సమాన చిహ్నము వెంటనే అలవంటి టిల్డా గుర్తు నుంచి నమూనాతో పోల్చుదురు. నడుమ ఖాళీ విడిచినచో పోలికకు మారుగా పేరే చెరిగి వేరొక విలువ చేరును. పైథాన్‌లో ఇందుకు గుర్తు లేదు; ‘మ్యాచ్’ అను ఫంక్షను వాక్యపు ఆరంభమును మాత్రమే పరీక్షించును, ‘సెర్చ్’ అంతటను వెదకును.