షాప్ గేట్ దగ్గర బీప్ కొట్టే ట్యాగ్: వాడి పారేసేది బెటరా, మళ్లీ మళ్లీ వాడేదా?

మొన్న ఒక మాల్ లో ఇయర్ ఫోన్స్ కొని, బిల్లు కట్టి బయటకు వస్తుంటే గేట్ బీప్ మంది. అందరూ నావైపే చూశారు! తీరా చూస్తే, బాక్స్ మీదున్న ట్యాగ్ ని కౌంటర్ లో డీయాక్టివేట్ చేయడం మర్చిపోయారు. ఇంటికొచ్చాక ఆ చిన్న తెల్ల ట్యాగ్ ని ఊడదీసి, కత్తెరతో కోసి చూశాను. లోపల పల్చటి లోహపు రేకులు ఉన్నాయి.

ఇది ఎలా పనిచేస్తుంది?

దీన్ని అకౌస్టో మాగ్నెటిక్ ట్యాగ్ అంటారు. గేట్ పంపే 58 కిలోహెర్ట్జ్ సిగ్నల్ కి లోపలి రేకు కంపిస్తుంది. సిగ్నల్ ఆగాక కూడా ఆ కంపనం క్షణంలో చిన్న భాగం పాటు కొనసాగుతుంది. గేట్ దాన్ని పట్టేసి బీప్ కొడుతుంది. బ్యాటరీ అక్కర్లేదు. కౌంటర్ లోని ప్యాడ్ మీద పెడితే, పక్కనున్న ఇంకో రేకులోని అయస్కాంత శక్తి పోయి ట్యాగ్ పనిచేయడం ఆగిపోతుంది.

అసలు సమస్య ఎక్కడ?

బిల్లు అవగానే దాని పని అయిపోయింది. కానీ ప్లాస్టిక్, లోహం, జిగురు కలిసిపోయిన ఆ చిన్న ముక్కని విడదీసి రీసైకిల్ చేయడం కష్టం. చివరికి అది చెత్తలోకే వెళ్తుంది. మన దేశంలో 2022 జులై 1 నుంచి నిషేధించిన సింగిల్ యూజ్ ప్లాస్టిక్ లిస్ట్ లో స్ట్రాలు, ప్లేట్లు, కప్పులు ఉన్నాయి కానీ ఈ ట్యాగ్ లు లేవు.

మరి మళ్లీ వాడే ట్యాగ్?

బట్టల షాపుల్లో పిన్ తో బిగించే గట్టి ట్యాగ్ మీరు చూసే ఉంటారు. కౌంటర్ లోని బలమైన అయస్కాంతంతో దాని లాక్ తీసి, అదే ట్యాగ్ ని ఇంకో చొక్కాకి పెడతారు. గాడ్జెట్ బాక్సులకి పిన్ గుచ్చలేం కాబట్టి, చుట్టూ వైర్లతో బిగించే లాక్ లు, తాళం ఉండే ట్రాన్స్ పరెంట్ డబ్బాలు వాడతారు.

ఇక్కడే ఒక చిన్న లెక్క ఉంది. గట్టి ట్యాగ్ లో ప్లాస్టిక్ ఎక్కువ. ఒక గట్టి ట్యాగ్ 10 స్టిక్కర్ ట్యాగ్ లతో సమానం అనుకుందాం. 10 సార్లు వాడితే రెండూ సమానమే, 11వ సారి నుంచే లాభం. 200 సార్లు వాడితే 190 స్టిక్కర్ల ప్లాస్టిక్ మిగిలినట్టు. అదే 5 సార్లు వాడి పారేస్తే? స్టిక్కరే నయం!

నా మాట

“రీయూజబుల్” అని పేరు పెట్టినంత మాత్రాన పర్యావరణానికి మేలు జరగదు. అది ఎన్నిసార్లు తిరిగి వాడారన్నదే ముఖ్యం. అందుకే బిల్లు దగ్గర గట్టి ట్యాగ్ తీశారో లేదో చూసుకోండి. పొరపాటున ఇంటికొస్తే పగలగొట్టకండి, బిల్లుతో సహా షాప్ కి తీసుకెళ్లి ఇచ్చేయండి. మీరు తిరిగి ఇస్తేనే అది ఇంకో బాక్స్ కి కాపలా కాస్తుంది.