తూకం(5) అంటే ఏ మెథడ్?

ఇదొక జావా ప్రశ్న.

‘తూకం’ పేరున్న మెథడ్‌లు రెండున్నాయి: ఒకటి లాంగ్ తీసుకుంటుంది, ఇంకొకటి ఇంటీజర్ ఆబ్జెక్ట్. తూకం(5) అని పిలిస్తే? చాలామంది ఇంటీజర్ అంటారు, కానీ జవాబు లాంగ్. కంపైలర్ ముందు బాక్సింగ్ లేకుండా సరిపోయేదాన్ని వెతుకుతుంది. దొరక్కపోతేనే బాక్సింగ్ (2004, జావా 5), ఆఖరున వేరియబుల్ ఆర్గ్యుమెంట్లు.

ఒకే దశలో రెండు కుదిరితే మరింత నిర్దిష్టమైనదే ఖాయం. నల్ పంపితే ఆబ్జెక్ట్‌ను కాదని స్ట్రింగ్‌ను ఎంచుకుంటుంది. స్ట్రింగ్, ఇంటీజర్ ఎదురుబొదురైతే తేల్చలేక ఎర్రర్ ఇస్తుంది. రిటర్న్ టైప్‌ను అసలు చూడదు.

ఈ ఓవర్‌లోడింగ్‌ను ఓవర్‌రైడింగ్‌తో ముడిపెట్టి అడుగుతారు, జాగ్రత్త: ఓవర్‌రైడింగ్ తేలేది రన్ టైమ్‌లో.