సరిహద్దులు దాటు రాత్రి రైళ్లు

సాయంకాలమున ఒక దేశమున రైలెక్కి, రాత్రి సుఖముగా నిద్రించి, ఉదయమున మరియొక దేశమున మేల్కొనుట ఐరోపా ప్రజలకు చిరకాలము సామాన్య విషయమై యుండెను. అట్టి రైళ్లు ఒకప్పుడు ఆ ఖండమున విరివిగా నడచెను. తరువాత ఒక్కొక్కటిగా నిలిచిపోయెను. ఇటీవల మరల కొన్ని బయలుదేరెను. వాని కథ తెలిసికొనదగినది.

ఐరోపా యందు దేశములు చిన్నవి, సరిహద్దులు పెక్కు. పందొమ్మిదవ శతాబ్దమున ఒక్కొక్క దేశమున వేరువేరు రైలు సంస్థలుండెను. దూరప్రయాణము చేయువారు తరచుగా సరిహద్దు స్టేషనులో, అర్ధరాత్రియైనను, సామానుతో దిగి వేరుబండి యెక్కవలసి వచ్చెడిది. బెల్జియం దేశీయుడగు జార్జి నాగెల్‌మాకర్స్ అను యువకుడు అమెరికాకు వెళ్లినప్పుడు, అచట పుల్‌మన్ అనునతడు నడుపుచున్న పడకల పెట్టెలను చూచెను. అట్టి పెట్టెలను తన ఖండమునను నడుపవలెనని సంకల్పించి, 1876లో ఒక అంతర్జాతీయ సంస్థను స్థాపించెను. పెట్టెలును పరిచారకులును తన సంస్థకు చెందినవి. ఇంజనును పట్టాలును ఆయా దేశములవి. సరిహద్దున ఇంజను మారును గాని, నిద్రించు ప్రయాణికుడు కదలనక్కరలేదు. ఉపాయము సులభముగనే కనబడును. కాని దారిలోని ప్రతి రైలు సంస్థయు దానికి సమ్మతింపవలెను. ఒక్కరు కాదన్నను బండి ముందునకు సాగదు.

1883 అక్టోబరు 4వ తేదీన పారిస్ నుండి ‘ఓరియెంట్ ఎక్స్‌ప్రెస్’ బయలుదేరెను. దాని గమ్యస్థానము నేడు ఇస్తాంబుల్ అని పిలువబడు కాన్‌స్టాంటినోపుల్ నగరము. అప్పటికి పట్టాలు పూర్తి కాలేదు. అందుచే ప్రయాణికులు రుమేనియాలో దిగి, డాన్యూబు నదిని దాటి, బల్గేరియాలో మరియొక రైలెక్కి, వార్నా రేవు నుండి ఓడలో పోయిరి. 1889లో పట్టాలు పూర్తికాగా బండి నేరుగా ఆ నగరమును చేరజొచ్చెను.

1914లో మొదటి ప్రపంచయుద్ధము రాగా ఈ ప్రయాణములు స్తంభించెను. 1918 నవంబరు 11న యుద్ధవిరమణ పత్రముపై సంతకములు జరిగినది నాగెల్‌మాకర్స్ స్థాపించిన సంస్థకు చెందిన యొక భోజనపు పెట్టెలోనే. రెండవ ప్రపంచయుద్ధమునను రైళ్లు నిలిచెను. శాంతి నెలకొనిన పిమ్మట మరల నడచెను. ఇట్లు రెండు మహాయుద్ధములకు తట్టుకొనిన రాత్రి రైళ్లు శాంతికాలపు పోటీకి తాళలేకపోయెను.

విమానములు గంటలలో గమ్యము చేర్చసాగెను. పారిస్ నుండి ఇస్తాంబుల్‌కు నేరుగా పోవు బండి 1977లో ఆగిపోయెను. 1981లో ఫ్రాన్సున అతివేగపు పగటి రైళ్లు ప్రారంభమయ్యెను. 1990 తరువాత విమానపు టిక్కెట్లు చౌకయయ్యెను. రాత్రి రైలును నడుపుటయో వ్యయసాధ్యము. కూర్చుండు పెట్టెలో పట్టునంతమంది పడకల పెట్టెలో పట్టరు. పగటి రైలులో ఒకే ఆసనమును దినమునకు పలుమారులు విక్రయింపవచ్చును. పడకను రాత్రికొక్కసారియే విక్రయింపగలరు. దారిలోని ప్రతి దేశమునకును పట్టాల రుసుము చెల్లింపవలెను. జర్మనీ, ఆస్ట్రియాలలో రైలు తీగెలయందు విద్యుత్తు 15,000 వోల్టులు. బెల్జియంలో అధికభాగమున 3,000 వోల్టులు మాత్రమే. కావున అన్ని దేశములకును పనికివచ్చు ఖరీదైన ఇంజనైనను ఉండవలెను, లేదా దారిలో ఇంజనునైనను మార్చవలెను. ఈ నష్టములు సహింపలేక జర్మనీ రైలు సంస్థ 2016 డిసెంబరులో తన పడకల రైళ్లను మానివేసెను.

అప్పుడు వానిలో కొన్ని మార్గములను ఆస్ట్రియా రైలు సంస్థ తీసికొనెను. ఆస్ట్రియా జనసంఖ్య సుమారు 90 లక్షలు మాత్రమే. పెద్ద పొరుగుదేశము వలదని విడిచినదానిని ఈ చిన్న దేశము ‘నైట్‌జెట్’ అను పేర నడపి నిలిపెను. ఇంతలో భూగోళము వేడెక్కుచున్నదను భయము ప్రజలలో హెచ్చెను. విమానముకన్న రైలు వాతావరణమునకు తక్కువ హాని చేయునని తలచి, యువజనులు పలువురు రైలునే కోరిరి. 2021లో పారిస్, వియన్నాల నడుమ రాత్రి రైలు మరల నడచెను. 2023లో ఒక కొత్త సంస్థ బ్రస్సెల్స్ నుండి బెర్లినుకు రాత్రి బండిని ప్రారంభించి, మరుసటి సంవత్సరము ప్రేగు నగరము వరకు పొడిగించెను. 2023 డిసెంబరులో పారిస్, బెర్లినుల నడుమ నైట్‌జెట్ వచ్చెను.

అయినను ఈ పునరుద్ధరణము ఇంకను స్థిరపడలేదు. ఫ్రాన్సు ప్రభుత్వము తన ధనసహాయమును నిలిపివేయగా, పారిస్ నుండి వియన్నాకును బెర్లినుకును పోవు నైట్‌జెట్ రైళ్లు రెండును 2025 డిసెంబరులో ఆగిపోయెను. పట్టాలు కలవు, ఎక్కుటకు జనులు కలరు. అయినను దారిలోని ఒక్క దేశము చేయి విడిచినంతనే బండి నిలిచినది. నాగెల్‌మాకర్స్ నాడెరిగిన సత్యము నేటికిని మారలేదు. సరిహద్దులు దాటు రైలును ఇంజను లాగును గాని, నడపునది ఇరుగుపొరుగుల పొత్తు.